రాయని వేళ

"రెండింటికి పోయిన మనిషి చెయ్యి మూడింటికి వంగాలి కదా మేడమ్. నాన్న చెయ్యి వంగలేదు."

రోజలిన్ అన్న ఈ ఒక్క మాటే ప్రైవేటు డిటెక్టివ్ కేథరిన్‌ని పెందుర్తి నుంచి మల్కాపురం రప్పించింది. రోజలిన్ ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సు. పోయిన మంగళవారం తండ్రి కృపాకర్ చనిపోయారని కబురందుకుని డ్యూటీ నుంచి ఉన్నపళంగా వచ్చింది. ఆయన చేతులు గుండెల మీదికి చేర్చబోతే మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. అప్పుడు టైము మూడు. రెండింటికి పోయారని తల్లి దీవెనమ్మ చెప్పింది, బాబాయి ఐజాక్ కూడా అదే చెప్పాడు. గంటలో మనిషి అలా బిగుసుకోడని రోజలిన్‌కి తెలుసు. కానీ తండ్రిని పూడ్చిపెట్టి వచ్చిన ఇంట్లో కూర్చుని తల్లిని నిలదియ్యడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ పని కేథరిన్‌కి అప్పజెప్పింది.

అదే మంగళవారం, ఉదయం పదకొండు నలభై రెండుకి, ఆ ఇల్లు అమ్ముడైపోయింది. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయాక అద్దెలూ పన్నులూ చూసుకోలేక కృపాకర్ తమ్ముడికి జనరల్ పవర్ రాసిచ్చారు. అమ్మే హక్కు కూడా అందులో ఉందని ఆయన గమనించారో లేదో దేవుడికెరుక. ఐజాక్ ఆ కాగితంతోనే రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేశాడు. కొన్నవాడు గవర్రాజు. ఆ వీధిలో ఇప్పటికే అయిదు ఇళ్ళు కొని నేలమట్టం చేసిన పెద్దమనిషి.

చిక్కంతా టైములోనే ఉంది. పవర్ ఇచ్చిన మనిషి కన్ను మూస్తే ఆ పవర్ కూడా ఆయనతోనే పోతుంది. కృపాకర్ పదకొండు నలభై రెండుకి ముందే పోయి, ఆ సంగతి తెలిసే అమ్మకం జరిపి ఉంటే ఆ దస్తావేజు చిత్తు కాగితం. తర్వాత పోయి ఉంటే దీవెనమ్మా, పై వాటాలో పద్నాలుగేళ్ళుగా అద్దెకుంటున్న ఆమినాబీ కుటుంబమూ శనివారానికల్లా వీధిన పడాలి. నోటీసు అప్పుడే గేటుకి అంటించేశారు. స్టే కోసం లాయరు గుణశేఖర్ రేపు పదిన్నరకి కోర్టులో నిలబడతాడు. "శవం బిగుసుకుందన్న మాట ఒక్కటే చాలదమ్మా. టైము నిలబెట్టే ఆధారం ఒక్కటి తెచ్చిపెట్టు" అన్నాడు.

కేథరిన్ గేటు తీసి ఒక్క నిమిషం అక్కడే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట పోలీసు ఉద్యోగాన్నీ, మొగుణ్ణీ ఒకే నెలలో వదిలేసి ఇల్లు వెతుక్కుంటుంటే పదకొండు ఇళ్ళవాళ్ళు మొహం మీదే తలుపేశారు. మొగుడేడీ అని అడిగినవాళ్ళే అందరూ. పన్నెండో ఇల్లు ఇది. కృపాకర్ ఆమెని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "కుళాయి అయిదున్నరకి వస్తాదమ్మా, లేవగలవా?" పై వాటాలో రెండో గదిలో మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళలో ఆయన ఆమెని రెండో ప్రశ్న అడగలేదు. అలాంటి మనిషి చావు కబురు ఆమెకి సమాధి అయిన రెండు రోజులకి గానీ తెలియలేదు. ఇప్పుడేమో ఆయన భార్య చెప్పింది అబద్ధమని తేల్చడానికి వచ్చింది.

ముందు మేడ మెట్లెక్కింది. ఆమినాబీ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ ఉంది గానీ కాళ్ళు తొక్కడం లేదు.

"మంగళవారం పొద్దున కింద ఎవరెవరు వచ్చారు పిన్నీ?"

"ఐజాక్ బాబు వొచ్చినాడు. కారులో. గవర్రాజు కూడా ఉన్నాడు."

"టైము?"

"మా అనమ్ కాలేజీకి తొమ్మిదీ నలభై అయిదుకి దిగుతాది. అది గేటు దాటిందో నేదో, కారు వొచ్చి ఆగింది. పది నిమిషాలు కూడా నేరు. గవర్రాజు ఒక్కడే బయటికొచ్చినాడు."

"ఎలా వచ్చాడు? కంగారుగా ఉన్నాడా?"

ఆమినాబీ కాస్త ఆలోచించింది. "కంగారేటి నేదు. గేటు కాడ కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కున్నాడు. మోకాళ్ళ దాకా. బూట్లు చేత్తో పట్టుకుని అలాగే కారెక్కినాడు. ఎండలో వొచ్చినాడు కదా, కాళ్ళు మండినాయేమో అనుకున్నాను."

కేథరిన్ పెన్ను ఆగింది. ఎక్కే ముందు కాళ్ళు కడుక్కున్నాడు. దిగేటప్పుడు కాదు.

"తర్వాత ఐజాక్?"

"పదిన్నరకి ఎల్లిపోనాడు. మద్దేనం పన్నెండింటికి కింద కుక్కరు మూడు కూతలు కూసింది. అంటే అన్నం వొండిందన్నమాటే గదా. రెండింటికేమో ఆయన పోనాడని ఏడుపు ఇనబడింది. బిడ్డా, అన్నం వొండిన రెండు గంటలకే పోనాడని నాను ఎంత ఏడిసినానో. ఆకరి ముద్ద తిన్నాడో నేదో."

పదకొండు నలభై రెండు దాటాక కింద వంట జరిగిందనడానికి ఇప్పుడో సాక్షి ఉంది. ఆ సాక్షి అవతలివాళ్ళ మాటకే బలమిస్తోంది. కేథరిన్ కిందికి దిగింది.

పడకగది తాళం రోజలిన్ ఇచ్చింది. శవాన్ని తీశాక ఆ గదిలో ఎవరూ అడుగుపెట్టలేదు. ఇనప మంచం, గోడకి ఆనించిన చేతికర్ర, మందుల డబ్బా. మంచం పక్కన ముక్కాలి పీట మీద ఒక జత ఉన్ని మేజోళ్ళు, ఒక స్వెట్టరు. జూలై నెల ఉక్కలో స్వెట్టరు. పడిపోయిన పక్క చలి తగిలితే చాలు నొప్పితో మెలికలు తిరిగేవారని, తను కొనిపెట్టిన ఏసీ ఏడాదిగా వెయ్యనిచ్చేవారు కాదని రోజలిన్ చెప్పింది.

ఏసీ రిమోటు కిటికీ గట్టు మీద ఉంది. కేథరిన్ తీసి చూసింది. పద్దెనిమిది.

కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింది సందులో తడిపి కుక్కిన పాత లుంగీ ఎండి అట్టలా గట్టిపడింది. తలుపు కింది సందుకి సరిపడా చుట్టిన దుప్పటి మూల పడేసి ఉంది. చల్లదనం బయటికి పోకుండా ఎవరో గదిని శ్రద్ధగా మూసిపెట్టారు. బతికున్న కృపాకర్ అయితే ఆ చలికి కేకలు పెట్టేవారు. అంటే ఏసీ ఆయన కోసం కాదు, ఆయన శవం కోసం.

"ఇంకా పాత అలవాటు పోలేదా కేథరిన్? చావింట్లో కిటికీలు కొలుస్తన్నావ్."

గుమ్మంలో సన్యాసిరాజు. ఒకప్పుడు కేథరిన్ కానిస్టేబులుగా పనిచేసిన స్టేషనుకి సి.ఐ. రిటైరయ్యాక గవర్రాజు లాంటివాళ్ళకి అడ్డొచ్చేవాళ్ళ లోగుట్లు తవ్విపెట్టే ఏజెన్సీ ఒకటి తెరిచాడు. తెలివైనవాడే, అందులో సందేహం లేదు. ఆ తెలివే ఇప్పుడు కొనుక్కునేవాళ్ళకి దొరుకుతోంది.

"ఇది ఇంకా దీవెనమ్మగారి ఇల్లే సార్. అడిగి లోపలికి రావాలి."

"శనివారం దాకా అనుకో. ఏటి దొరికింది?"

"పద్దెనిమిది డిగ్రీలు దొరికింది."

"ఎండలు మండుతన్నాయి, ఏసీ యేసుకున్నారు. ఏసీ యేసుకోడం కూడా నేరమేటి? డాక్టరు సర్టిఫికెట్టు చూసావా? రెండూ పది."

"రెండూ పదికి డాక్టరు వచ్చి చూశాడు సార్. చూసిన టైము రాశాడు. పోయిన టైము ఆయనకి ఇంట్లోవాళ్ళు చెప్పిందే."

"ఇంట్లోవాళ్ళంటే పెళ్ళామే కదా. కట్టుకున్న పెళ్ళాం రెండంటే రెండే. ఇంకో సంగతి చెప్తాను, రాసుకో. మా పార్టీకి ఆయన పోయినట్టు తెలీదు. తెలీక కొన్నవాడి జోలికి చట్టం పోదు. మీ గుణశేఖర్‌ని అడుగు."

"తెలీదా? మరి పది గంటలకి ఈ గేటు దగ్గర మోకాళ్ళ దాకా కాళ్ళెందుకు కడుక్కున్నాడు?"

సన్యాసిరాజు నవ్వు సగంలో ఆగింది.

"చావింటి నుంచి బయటికొస్తే మీవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా కారెక్కరు. అంత పట్టింపు ఉన్న మనిషి. బతికున్న రోగిని చూసొస్తే ఆ పని చేస్తాడా సార్? శవాన్ని చూసే బయటికొచ్చాడు. చూసే వెళ్ళి కొన్నాడు."

సన్యాసిరాజుకి ఈ సంగతి కొత్త. తన పార్టీ తనకీ అబద్ధం చెప్పిందని అతనికి అప్పుడే అర్థమైనట్టుంది. కానీ అతను అంత తేలిగ్గా చేతులెత్తేసే ఘటం కాదు.

"కాళ్ళు కడుక్కున్నాడని జడ్జిగారితో చెప్తావా? కోర్టు హాలంతా నవ్వుతాది." గొంతు తగ్గించాడు. "సరే, నీ మాటే నిజమనుకో. ముందే పోయాడనుకో. మరి రెండింటికని చెప్పిందెవరు? ఐజాక్ ఏ-వన్ అయితే ఏ-టూ ఎవరో నీకు నా కంటే బాగా తెలుసు. అరవై ఎనిమిదేళ్ళ ముసల్దాన్ని స్టేషను బల్ల మీద కూకోబెడతావా? నిన్ను పెట్టిన ఆ కూతురికి ఈ ముక్క చెప్పే దిగావా ఇందులోకి?"

చెప్పలేదు. చెప్పే ధైర్యం కేథరిన్‌కి లేకపోయింది. అతను వెళ్ళిపోయాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. ఇల్లు నిలబెట్టాలంటే ఇల్లాలిని ముద్దాయిని చెయ్యాలి. ఆ ఇంటి అన్నం తిన్న చేతులతో ఆ పని చెయ్యాల్సిన ఖర్మ తనకే పట్టిందనుకుంది.

దీవెనమ్మ ముందుగదిలో చాప మీద కూర్చుని ఉంది. ఆరు రోజుల్లో మనిషి సగమైపోయింది. కేథరిన్ ఎదురుగా కూర్చుంది.

"ఆంటీ, కుటుంబ బైబిలు ఒకసారి ఇస్తారా?"

ఆ మాటకి దీవెనమ్మ కళ్ళు బెదిరాయి. ఏసీ గురించో, టైము గురించో అడుగుతుందనుకుంది కాబోలు, వాటికి జవాబులు సిద్ధంగా పెట్టుకుంది. బైబిలు అడుగుతుందని అనుకోలేదు. తన తోటి విశ్వాసి కాకపోతే ఎవరికీ తట్టేది కూడా కాదు. కేథరిన్ పుట్టింట్లోనూ ఉందది. మొదటి పేజీల్లో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు, ఏ రోజు, ఏ వేళకి అన్నది రాసి పెట్టుకునే పుస్తకం.

దీవెనమ్మ లేచి, బీరువాలోంచి తెచ్చి కేథరిన్ ఒళ్ళో పెట్టింది. కేథరిన్ తెరిచింది. కృపాకర్ గుండ్రటి చేతిరాత. పెళ్ళి, 1979 మే 23, సాయంత్రం 4.30. శామ్యూలు పుట్టుక, ఉదయం 6.05. దాని కిందే శామ్యూలు ప్రభువునందు నిద్రించుట, మూడవ దినము, మధ్యాహ్నం 1.20. రోజలిన్ పుట్టుక, రాత్రి 2.10. మూడు రోజులు బతికిన బిడ్డకి కూడా నిమిషాలతో సహా రాసిన ఇల్లది.

చివరి వరస దీవెనమ్మ రాత. వంకర అక్షరాలు. "కృపాకర్ ప్రభువునందు నిద్రించారు. 2025 జూలై 15, మంగళవారం," అక్కడ కామా. కామా తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో పెన్ను మొన ఆనిన చుక్కలు మూడున్నాయి. రాయబోయి మూడుసార్లు ఆగిన చెయ్యి.

"డాక్టరుతో రెండన్నారు. ఫాదరుగారితో రెండన్నారు. రోజాతోనూ రెండే అన్నారు. ఇక్కడెందుకు రాయలేదు ఆంటీ?"

దీవెనమ్మ పేజీ వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత చాలా మామూలుగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది.

"ఇందులో ఎలగ రాత్తాను కేథీ, అబద్ధం?"

అడగాల్సింది ఇంకేమీ లేదు. ఆరు రోజులుగా దాచిపెట్టింది దానంతటదే బయటికొచ్చింది.

"తొమ్మిదీ నలభైకి పోనారు. ఐజాక్ వొచ్చి చూసి, వదినా ఏడవకు, వీధంతా వొచ్చేత్తారన్నాడు. ఇయ్యాల రిజిస్ట్రేషన్ అవ్వకపోతే గవర్రాజు చీటింగు కేసు యేత్తాడంట. గవర్రాజుతో ముందే రాసుకున్న అమ్మకం అగ్రిమెంటు మీద సాక్షిగా రోజా సంతకం ఉందంట. దాని ఉజ్జోగం పోతాది, జైలుకి ఎల్తాది అన్నాడు. ఆయన ఎలగూ పోనారు, బిడ్డనైనా నిలబెట్టుకోవాల కదా. నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఆయన పక్కనే కూకున్నాను. ఏసీ గాలికి ఆయన కాళ్ళు చల్లబడిపోతంటే మేజోళ్ళు తొడగబోయాను. ఇంకెందుకని మళ్ళా తీసేసాను."

"వంట?"

"కుక్కరు కూత ఇనబడకపోతే పైన ఆమినాబీకి అనుమానం వొత్తాదని ఐజాక్ చెప్పి ఎల్లాడు. శవం ఇంట్లో ఉండగా పొయ్యి ఎలిగించాను కేథీ. నలభై ఆరేళ్ళు వొండి పెట్టిన మనిషి అక్కడ పడుంటే, ఎవుడికోసం వొండానో నాకే తెలీదు. ఎవ్వురూ తిననేదు. రాత్రి పారబోసాను."

కేథరిన్ దగ్గర ఇంకో మాట మిగిలి ఉంది, అది చెప్పి తీరాలి. చెప్పకుండా లేచిపోదామని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"ఆ అగ్రిమెంటు నేను చూశాను ఆంటీ. లాయరుగారు నకలు తీయించారు. రోజా సంతకం అందులో ఎక్కడా లేదు."

దీవెనమ్మ విన్నదో లేదో తెలియలేదు. చాప అంచులోని ఈనె ఒకటి పట్టుకుని లాగుతూ ఉంది.

"నేదా?"

"లేదు."

"మొత్తం చూసావా?"

"ప్రతి పేజీ చూశాను."

ఈనె తెగి చేతిలోకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, "పెన్ను ఇలగియ్యి" అంది.

"ఆంటీ, ఆగండి. ఇది రాస్తే రేపు కోర్టులో చూపించాలి. ఇల్లు నిలబడుతుంది. కానీ దాచినందుకు మీ మీద కూడా కేసు పెడతారు. మీకు చెప్పకుండా మీ చేత రాయించలేను."

"పెట్టనీ."

కామా తర్వాతి ఖాళీలో నెమ్మదిగా రాసింది. ఉదయం 9.40. రాసి, ఆరేదాకా దాని మీద గాలి ఊదింది. ఆ పేజీని కేథరిన్ ఫోటో తీసుకుంది. లాయరు అడిగిన ఆధారం చేతికొచ్చింది. కేసు గెలిచినట్టే. అయినా ఆమెకి అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు. ఎందుకో ఆ నలభై అన్న అంకె దగ్గరే మనసు ఆగింది. మనిషి పోయి పది నిమిషాలైనా కాకముందే ఐజాక్ వచ్చాడు. అంటే పోకముందే బయల్దేరాడు.

"ఐజాక్‌కి మీరు ఫోన్ ఎప్పుడు చేశారు ఆంటీ?"

"ఆయనకి ఆయాసం మొదలవగానే. చెమటలు పట్టేసాయి. రోజాకి చేత్తాననుకున్నాను, డ్యూటీలో ఎత్తదు కదా. ఐజాక్‌కి చేసాను. నాను నూటెనిమిదికి చేత్తాను, నువ్వు లైను బిజీ చెయ్యకు, ఆయన పక్కనుండు అన్నాడు. బండి పోర్టు గేటు కాడ లారీల్లో ఇరుక్కుపోయిందని మళ్ళా చెప్పాడు. అది రానేనేదు."

కేథరిన్ చెయ్యి చాపింది. దీవెనమ్మ తన బొత్తాల ఫోను ఇచ్చింది. ఆ రోజు చేసిన కాల్సు జాబితాలో మొదటిది ఐజాక్. తొమ్మిదీ నాలుగు.

ముప్ఫై ఆరు నిమిషాలు.

కేథరిన్ తన ఫోనులో రోజలిన్‌కి చేసింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడదామని లేవబోయింది. దీవెనమ్మ ఆమె చెంగు పట్టుకుని ఆపింది. "ఇక్కడే మాటాడు. నాకూ ఇనబడాల." కేథరిన్ స్పీకరు పెట్టింది.

"రోజలిన్, మంగళవారం పొద్దున తొమ్మిది, పది మధ్య మల్కాపురం నుంచి నూటెనిమిదికి కాలేమైనా వచ్చిందా? బండివాళ్ళని అడిగి చెప్పగలవా?"

"ఇక్కడే ఉన్నారు మేడమ్, ఒక్క నిమిషం." ఫోనులో స్ట్రెచరు చక్రాల చప్పుడు, ఎవరితోనో మాటలు. మళ్ళీ లైనులోకి వచ్చింది. "లేదు మేడమ్. ఆ బండి నడిపిన తవిటయ్యనే అడిగాను. ఆ రోజు పదిన్నర దాకా ఒక్క కేసూ నేదంట. బండి మల్కాపురం జంక్షన్లోనే పెట్టుకుని కూకున్నారంట. మా ఇంటికి నాలుగు నిమిషాల దూరం."

ఐజాక్ అసలు బండిని పిలవనేలేదు, ఆసుపత్రిలో పోతే టైము రికార్డుకెక్కుతుంది, ఇంట్లో పోతే తను చెప్పిందే టైము. అవతల రోజలిన్ తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"అటువైపు కేసులన్నీ ఇక్కడికే తెస్తారు మేడమ్. ఆ రోజు ఎనిమిది నుంచి క్యాజువాలిటీలో నానే ఉన్నాను. గుండె డాక్టరుగారు కూడా ఉన్నారు. మంచాలన్నీ ఖాళీయే. ఎందుకు అడుగుతన్నారు? ఎవరికి కావాల్సొచ్చింది బండి?"

దీవెనమ్మ రెండు చేతులూ చాపి ఫోను తీసుకుంది. చెవి దగ్గర కాకుండా నోటికి దగ్గరగా, లోటాతో నీళ్ళు తాగుతున్నట్టు పట్టుకుంది.

"రోజా, నాను అమ్మని. నాన్నకి అప్పటికింకా ఊపిరి ఉందమ్మా."